ఎనిమిదేళ్లు దాటింది, షార్లెట్ కేసు మురిగిపోయినట్టేనా అక్కా?

"అక్కా, నాకు 33 ఏళ్లు. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2016, 17లో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఎమ్మెస్ చదివాను. డబ్బులు చాలక సాయంత్రాలు ఒక గ్యాస్ స్టేషన్ స్టోర్‌లో కౌంటర్ మీద కూర్చునేవాణ్ని. 2017 నవంబర్‌లో లెక్కల్లో 1,800 డాలర్లు తగ్గాయని ఓనర్ నా మీద పోలీసులకు చెప్పాడు. ఒక ఆఫీసర్ వచ్చి పేరు, అడ్రసు, పుట్టిన తేదీ రాసుకుని వెళ్లాడు, అరెస్ట్ చేయలేదు. డిసెంబర్‌లో డిగ్రీ అవ్వగానే భయపడి ఇంటికొచ్చేశాను. రెండు నెలల తర్వాత రూమ్మేట్ 'నీకు కోర్టు నుంచి కవరొచ్చింది' అని ఫోటో తీసి పంపాడు. చదివే ధైర్యం లేక డిలీట్ చేశాను. ఇప్పుడు కంపెనీ అక్కడి ఆఫీసుకు బదిలీ చేసే ఎల్-1 వీసా మీద టెక్సస్‌లోని డాలస్ పంపిస్తానంటోంది. అక్కడున్న ఫ్రెండ్ 'దొంగతనం కేసుకి ఐదేళ్లే లిమిట్, నీది ఎప్పుడో ఎక్స్‌పైర్ అయిపోయింది, హాయిగా వచ్చెయ్' అంటున్నాడు. ఇంట్లో ఎవరికీ తెలియదు, నా భార్యకి కూడా. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. వెళ్లొచ్చా?"

తమ్ముడూ, ముందు ఒక మాట చెప్పాలి. ఆ డబ్బు గురించి నువ్వు రాసిన నాలుగు వాక్యాలు ఇక్కడ వేయలేదు, నా దగ్గర కూడా ఉంచుకోలేదు. అందులో ఎంత నీది, ఎంత కాదు అన్నది నువ్వు చెప్పాల్సింది ఒక్క లాయర్‌కే. లాయర్‌తో చెప్పిన మాటకు చట్టం రక్షణ ఉంటుంది, నాకు రాసిన దానికి లేదు, ఫ్రెండ్‌కి వాట్సాప్‌లో పెట్టిన దానికి అసలే లేదు. ఇంకా ఎవరికైనా రాసి ఉంటే ఇక ఆ సంభాషణ పొడిగించకు.

ఇక నువ్వడిగిన దానికి జవాబు. లేదు, మురిగిపోలేదు. నార్త్ కరోలినాలో ఫెలొనీకి, అంటే పెద్ద నేరానికి, కాలపరిమితి అన్నదే లేదు. ఐదేళ్లూ కాదు, పదేళ్లూ కాదు. 2017లో జరిగిన దాని మీద 2040లో కేసు పెట్టినా చట్టం ఒప్పుకుంటుంది. అందుకని వీసా ఫారం ఇప్పుడే నింపకు, టికెట్ మాట అసలే ఎత్తకు. నేను లాయర్‌ని కాదు, అదే రాష్ట్రంలోని రాలీలో ఒక క్రిమినల్ లాయర్ ఆఫీసులో పదకొండేళ్లు పారాలీగల్‌గా, అంటే లాయర్‌కి సహాయకురాలిగా, పనిచేసినదాన్ని. కాబట్టి దీన్ని చివరి మాటగా తీసుకోకు. లాయర్ దగ్గరికి వెళ్లేలోపు నీ బుర్రలో ఉన్న తప్పు లెక్క పోవాలని ఇంత వివరంగా రాస్తున్నా.

ఆ తప్పు లెక్క ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. మన ఊళ్లలో ప్రాంసరీ నోటు మూడేళ్లకు కాలదోషం పడుతుంది. గడువు దగ్గర పడుతోందంటే అప్పిచ్చినాయన పొద్దున్నే గుమ్మంలోకొచ్చి, వందో రెండొందలో చెల్లు వేయించుకుని, మన నాన్నల చేత వెనక సంతకం పెట్టించుకుని వెళ్లేవాడు. అది చూస్తూ పెరిగాం కాబట్టి కోర్టు వ్యవహారం ఏదైనా ఇన్నేళ్లకు చచ్చిపోతుంది, ఆ తేదీ దాటేదాకా తలదాచుకుంటే చాలు అని మనకు లోపల ఎక్కడో పాతుకుపోయింది. క్రిమినల్ కేసులో లెక్క వేరు. అక్కడ గడువు ప్రభుత్వానికి. నేరం జరిగిన నాటి నుంచి ఇన్నేళ్లలోపు కోర్టులో అభియోగం పెట్టాలి అని ప్రాసిక్యూటర్‌కి పెట్టిన షరతు అది. ఏళ్లు గడిచేకొద్దీ సాక్షులు మర్చిపోతారు, రసీదులు పోతాయి, కెమెరా రికార్డింగులు చెరిగిపోతాయి, అప్పుడు నిందితుడు తన మాట నిరూపించుకోలేడు అన్నది దాని వెనక ఉన్న ఆలోచన. గడువులోపు అభియోగం పెట్టేశారా, ఇక ఆ గడియారంతో పని లేదు. నువ్వు దొరికేదాకా ఆ కాగితం అక్కడే ఉంటుంది.

ఈ గడువు ఎంతో అమెరికా మొత్తానికీ ఒకే చట్టం లేదు. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ చట్టం కిందికొచ్చే నేరాలకు ఒక లెక్క, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో లెక్క. నీ 1,800 డాలర్లనే తీసుకుని షార్లెట్ నుంచి కారులో బయలుదేరామనుకో. అరగంటలోపే సౌత్ కరోలినా వచ్చేస్తుంది, నీ క్లాస్‌మేట్లు కొందరు ఫోర్ట్ మిల్‌లో అద్దెకుండే ఉంటారు. అక్కడ 2,000 డాలర్ల లోపు దొంగతనం ఫెలొనీ కూడా కాదు, చిన్న నేరం. కానీ ఆ రాష్ట్రంలో చిన్నదానికీ పెద్దదానికీ దేనికీ కాలపరిమితి లేదు. పడమరకు కొండలు దాటి టెనెసీలోకి వెళ్తే అదే మొత్తం 'క్లాస్-E' తరగతి ఫెలొనీ, గడువు రెండేళ్లే. ఉత్తరాన వర్జీనియాలో 1,000 డాలర్లు దాటితే ఫెలొనీ, ఫెలొనీలకు పరిమితి లేదు. జార్జియాలో 1,500 దాటితే ఫెలొనీ, మామూలు ఫెలొనీకి నాలుగేళ్లు. అదే డబ్బు, అదే కౌంటర్, అదే కుర్రాడు. నాలుగు గంటల డ్రైవింగ్ దూరంలో రెండేళ్లకే ముగిసిపోయే చోటు ఒకటి, జన్మంతా వెంటాడే చోటు ఇంకొకటి. ఇది న్యాయంగా ఉందా అంటే నాకైతే లేదు, కానీ ఉన్నది ఇదే.

మరి మీ ఫ్రెండ్ చెప్పిన ఐదేళ్లు? అతను అబద్ధం చెప్పలేదు, టెక్సస్ చట్టం చదివాడు. టెక్సస్‌లో ఫెలొనీ స్థాయి దొంగతనానికి సాధారణంగా ఐదేళ్లే. తమాషా ఏంటంటే అక్కడ ఫెలొనీ కావాలంటే 2,500 డాలర్లు ఉండాలి, కాబట్టి నీ మొత్తం డాలస్‌లో అయితే ఫెలొనీయే కాదు, రెండేళ్ల గడువున్న మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం. న్యూజెర్సీలో కూడా చాలా నేరాలకు ఐదేళ్లు, న్యూయార్క్‌లో 'క్లాస్-A' అనే అతి పెద్ద తరగతి తప్ప మిగతా ఫెలొనీల్లో ఎక్కువ వాటికి ఐదేళ్లు, ఫెడరల్ నేరాలకు మామూలుగా ఐదేళ్లు. ఇన్నిచోట్ల ఐదు కనిపించేసరికి అమెరికా అంటే ఐదు అనుకుంటారు. కానీ ఫెడరల్‌లోనే బ్యాంకు మోసానికి పదేళ్లు, పౌరసత్వం, పాస్‌పోర్టు మోసాలకు పదేళ్లు, పన్ను ఎగవేతకు ఆరేళ్లు. కోవిడ్ టైమ్‌లో వ్యాపారాలకిచ్చిన పీపీపీ లోన్లలో మోసానికి 2022లో చట్టం చేసి మరీ పదేళ్లకు పెంచారు, మనవాళ్లు ఆ లోన్లు బాగానే తీసుకున్నారు కాబట్టి ఇది చదివేవాళ్లలో ఒకరిద్దరికి ఆ విషయం పనికిరావచ్చు. ఇల్లినాయిలో మామూలు ఫెలొనీకి మూడేళ్లే, ఫోర్జరీకి మాత్రం పరిమితి లేదు. కెంటకీ, వెస్ట్ వర్జీనియా, వయోమింగ్ కూడా నార్త్ కరోలినా దారే. మేరీల్యాండ్‌లోనూ ఫెలొనీలకు మామూలుగా గడువు లేదు.

చూడాల్సింది నువ్వు ఇప్పుడు ఎక్కడ ఉంటావు, రేపు ఎక్కడ దిగుతావు అన్నది కాదు, సంఘటన ఎక్కడ జరిగింది అన్నదే. డాలస్‌లో దిగినంత మాత్రాన నీకు టెక్సస్ గడువు రాదు. షార్లెట్ కేసు షార్లెట్ చట్టంతోనే నడుస్తుంది.

'1,800 డాలర్లు చిన్న మొత్తమే కదా, మిస్‌డిమీనర్ అయి ఉండొచ్చు కదా' అని నువ్వు అడుగుతావు. మిస్‌డిమీనర్ అయితే నిజంగానే నీకు ఊరట ఉండేది, నార్త్ కరోలినాలో వాటికి రెండేళ్ల గడువుంది. కానీ అక్కడ మామూలు దొంగతనమే 1,000 డాలర్లు దాటితే ఫెలొనీ. దానికి తోడు పనిచేసే చోట, యజమాని నమ్మి అప్పగించిన సొమ్ము తీస్తే దానికి విడిగా ఒక సెక్షన్ ఉంది, అందులో మొత్తం ఎంత చిన్నదైనా సరే ఫెలొనీయే. ఇరవై డాలర్లైనా అంతే. కౌంటర్ మీద కూర్చున్న మన పిల్లల మీద ఎక్కువగా పడేది ఆ సెక్షనే, ఆఫీసులో ఫైలు తెరవగానే ముందు నా కళ్లు దానికోసమే వెతికేవి.

మన దగ్గర కూడా పెద్ద తేడా లేదు, ఇది చాలామందికి తెలియదు. ఇండియాలో మూడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకు మూడేళ్ల పరిమితి, ఏడాది లోపు శిక్ష ఉంటే ఏడాది, ఉత్త జరిమానా అయితే ఆరు నెలలు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్‌పీసీలో 468వ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 514. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరానికి గడువు లేదు. మామూలు దొంగతనానికి గరిష్ఠంగా మూడేళ్లు కాబట్టి దానికి గడువుంది, పనిలో పెట్టుకున్న మనిషి యజమాని సొమ్ము తీస్తే ఏడేళ్ల దాకా శిక్ష కాబట్టి దానికి లేదు. ఇదే సంగతి ఖమ్మంలో ఒక కిరాణా కొట్లో జరిగి ఉన్నా నువ్వు ఇదే ప్రశ్నతో కూర్చునేవాడివి.

ఇప్పుడు నన్ను నిజంగా కంగారు పెట్టింది ఆ కవరు. పోలీసు వచ్చి రాసుకుని వెళ్లడం వరకే అయితే అది ఉత్త రిపోర్టు, అలాంటివి చాలా వరకు ఫైల్లోనే ఉండిపోతాయి. కోర్టు నుంచి కవరొచ్చిందంటే ఆ తర్వాత ఎవరో మేజిస్ట్రేట్ ముందుకెళ్లారని అనిపిస్తోంది. అది సమన్లు అయి ఉండొచ్చు, ఫలానా తేదీన హాజరు కమ్మని. నువ్వు హాజరు కాకపోతే వారెంటు. వారెంటుకు మన నోటులా గడువుండదు. సినిమా డైరెక్టర్ రోమన్ పొలాన్‌స్కీ 1977లో లాస్ ఏంజెలెస్‌లో నేరం ఒప్పుకుని, శిక్ష వేయబోయే ముందు 1978లో ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. ఆ కేసుకు ఏ కాలపరిమితీ అక్కరకు రాలేదు, దశాబ్దాలుగా అలాగే ఉంది. ఆయన నేరం వేరు, నీది వేరు, ఆ పోలిక నేను చేయను. గడియారం ఎక్కడ ఆగుతుందో చూపించడానికే చెప్పా.

ఒకవేళ గడువున్న రాష్ట్రంలో జరిగి ఉన్నా నువ్వు ఇండియాలో గడిపిన ఏళ్లు నీ ఖాతాలో పడతాయన్న నమ్మకం లేదు. టెక్సస్‌లో మనిషి రాష్ట్రం బయట ఉన్న కాలాన్ని లెక్కలోకే తీసుకోరు. కాలిఫోర్నియాలో అలా మూడేళ్ల దాకా పొడిగిస్తారు, న్యూయార్క్‌లో ఐదేళ్ల దాకా. ఫెడరల్ చట్టంలో అయితే న్యాయం నుంచి పారిపోయినవాడికి గడువే వర్తించదు అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. 'ఐదేళ్లు ఇండియాలో కూర్చుని వస్తే అయిపోతుంది' అని డాలస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్ దాకా మన గుంపుల్లో ఒకరికొకరు ధైర్యంగా చెప్పుకుంటారే, ఆ సలహా వల్ల పాడైన జీవితాలు నేను కళ్లారా చూశాను.

ఒకటి చెప్తాను. మా ఆఫీసుకు ఒక కుర్రాడు వచ్చాడు, ఊరూ పేరూ వద్దు. చేతిలో కోర్టు సైటు నుంచి తీసిన ప్రింటు, నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుని తిరిగి తిరిగి మడతల దగ్గర చిరిగిపోయింది. 'మేడమ్, నా కేసు డిస్మిస్ అయింది, చూడండి' అని గర్వంగా టేబుల్ మీద పరిచాడు. నిజమే, డిస్మిస్ అనే ఉంది. దాని పక్కనే 'విత్ లీవ్' అని ఇంకో రెండు చిన్న మాటలున్నాయి, అతను వాటిని పట్టించుకోలేదు. నార్త్ కరోలినాలో మనిషి కోర్టుకు రాకపోతే ప్రాసిక్యూటర్ కేసును లిస్టులోంచి పక్కన పెట్టేస్తాడు, మనిషి దొరికితే మళ్లీ తెరుస్తాడు, దాని పేరు అది. రెండేళ్లుగా ఆ కాగితమే రక్షరేకు అనుకుని తిరుగుతున్నాడు, ఏ రోజైనా ఒక ట్రాఫిక్ స్టాప్‌లో చేతులకు బేడీలు పడి ఉండేవి. మా లాయర్ ఆ మాటలకు అర్థం చెప్తుంటే పిల్లాడు కాగితాన్ని మళ్లీ అవే మడతల మీద జాగ్రత్తగా మడుస్తూ కూర్చున్నాడు, తల ఎత్తలేదు. అందుకే నువ్వు ఆన్‌లైన్‌లో చూసుకుని నిర్ణయం తీసుకుంటావేమో అని నా భయం. షార్లెట్ ఉన్న మెక్లెన్‌బర్గ్ కౌంటీ రికార్డులు 2023 నుంచి ఆన్‌లైన్ పోర్టల్‌లో ఉన్నాయి, హైదరాబాద్‌లో కూర్చుని వెతకొచ్చు, వెతుకు కూడా. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, అక్షరం అటూ ఇటూ మార్చి ఇంకోసారి. మన పేర్లను అక్కడి పోలీసులు ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కలేదు. కానీ ఏమీ కనిపించలేదంటే ఏమీ లేదని కాదు, ఇంకా నీ చేతికి అందని వారెంటు అందులో కనపడకపోవచ్చు.

ఇన్నేళ్లు గడిచినందుకు ఏ ఉపయోగమూ లేదా అంటే ఉంది, వేరే దారిలో. 1980లో మార్క్ డాగెట్ అనే మనిషి మీద డ్రగ్స్ కేసులో ఫెడరల్ అభియోగం పడింది. పట్టుకోవడానికి పోలీసులు వెళ్లేసరికే అతను దేశం దాటాడు, తన మీద కేసుందని అతనికి తెలుసనడానికి ఆధారం దొరకలేదు. 1982లో న్యూయార్క్ కస్టమ్స్ దాటుకుని మామూలుగా తిరిగొచ్చాడు. వర్జీనియాలో స్థిరపడి, పెళ్లి చేసుకుని, డిగ్రీ చదివి, ఉద్యోగం చేసుకుంటూ సొంత పేరుతోనే బతికాడు. 1988లో మార్షల్స్ అనే ఫెడరల్ పోలీసులు ఒక క్రెడిట్ చెక్ చేస్తే ఎక్కడున్నాడో నిమిషాల్లో తెలిసిపోయింది, అరెస్ట్ చేశారు. 1992లో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు అయి, ఇంత ఆలస్యం ప్రభుత్వం నిర్లక్ష్యమే, త్వరగా విచారణ జరగాలన్న అతని హక్కు పోయింది అని అతని పక్షాన తీర్పు చెప్పింది. ఇది చదివి ఎగిరి గంతేయకు. అతనికి తెలియదు అన్నదే అక్కడ కీలకం. నీకు కవరు ఫోటో వచ్చింది. దాన్ని ఎలా చూడాలి, ఆ హక్కు నీకు ఎంతవరకు వర్తిస్తుంది అన్నది లాయర్ తేల్చాలి. అందుకే మళ్లీ చెప్తున్నా, ఆ కవరు గురించి ఇంకెక్కడా రాయకు.

రెండో ఉపయోగం ఇంకా ముఖ్యం. ఎనిమిదేళ్లలో ఆ స్టోర్ చేతులు మారి ఉండొచ్చు, ఓనర్ ఊరు వదిలి ఉండొచ్చు, ఆ ఆఫీసర్ రిటైరై ఉండొచ్చు, లెక్కల పుస్తకం ఎక్కడుందో ఎవరికీ తెలియకపోవచ్చు. సాక్షి లేని పాత కేసును కోర్టులో నిలబెట్టడం ప్రాసిక్యూటర్‌కి కష్టం, అది ఆయనకీ తెలుసు. అక్కడి లాయర్ మాట్లాడితే మనిషి అమెరికాలో అడుగు పెట్టకుండానే ప్రాసిక్యూటర్ కేసు తీసేసిన సందర్భాలున్నాయి. నీకూ అలాగే అవుతుందని మాటివ్వలేను, కానీ దారి ఉంది. చట్టం ఇవ్వని గడువును ఒక్కోసారి వాస్తవం ఇస్తుంది.

పాత చట్టం మారి నా మీద కొత్తగా పడుతుందా అని ఇంకొందరు అడుగుతుంటారు కాబట్టి ఒక్క మాట. గడువు ఒకసారి పూర్తిగా ముగిసిపోయాక రాష్ట్రం కొత్త చట్టం చేసి దాన్ని తిరిగి బతికించలేదని 2003లో కాలిఫోర్నియా మీద వచ్చిన స్టాగ్నర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముగియకముందే పొడిగిస్తే మాత్రం చెల్లుతుంది. అందుకే 2018లో డీఎన్‌ఏ ద్వారా దొరికిన కాలిఫోర్నియా హంతకుడు జోసెఫ్ డీఏంజెలో మీద హత్యలు, కిడ్నాపులకు కేసులు పెట్టగలిగారు గానీ, డెబ్బైల్లో చేసిన అత్యాచారాలకు గడువు ఎప్పుడో దాటిపోవడంతో వాటికి వేరుగా శిక్ష పడలేదు. ఆ ఆడవాళ్లు నలభై ఏళ్లు ఎదురుచూసి కోర్టులో అతని ముందు నిలబడి మాట్లాడారు, కాగితం మీద మాత్రం వాళ్ల మీద జరిగిన అత్యాచారాలకు నేరారోపణ లేదు. 2017 జనవరి నుంచి జరిగిన అత్యాచారాలకు కాలిఫోర్నియా గడువే ఎత్తేసింది, అది జరగాల్సిన మార్పే. కాలపరిమితి అంటే నిందితుడికి మంచిది, లేకపోతే చెడ్డది అని ఒక్క ముక్కలో తేల్చలేకపోవడానికి కారణం ఇలాంటివే.

సరే, నీ వీసా సంగతి. క్రిమినల్ కేసు కంటే నీకు ఎక్కువ దెబ్బ కొట్టేది ఇదే. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో నువ్వు ఎప్పుడైనా అరెస్ట్ అయ్యావా, శిక్ష పడిందా అని అడుగుతారు. అరెస్ట్ కాలేదు కాబట్టి 'నో' అని కొట్టేస్తే అయిపోతుందా అన్నది వారెంటు సంగతి తేలాకే చెప్పగలిగే విషయం. తెలిసి అబద్ధం చెప్పినట్టు తేలితే అది జీవితాంతం అడ్డం పడుతుంది, ప్రతిసారీ ప్రత్యేకంగా మినహాయింపు అడుక్కోవాల్సి వస్తుంది. అటు నిజం చెప్పేద్దాం, పాపం పోతుంది అని కౌంటర్ దగ్గర ఆఫీసర్‌కి మొత్తం చెప్పేసినా ప్రమాదమే. దొంగతనం లాంటి నేరాలకు ఇమ్మిగ్రేషన్ చట్టంలో శిక్ష పడటమే అక్కర్లేదు, చేశానని పద్ధతిగా ఒప్పుకుంటే చాలు, రాకుండా ఆపేయొచ్చు. దానికి తోడు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉండి బయట పనిచేసిన సంగతి కూడా అదే నోటి నుంచి వస్తుంది. మన పిల్లలకు 221జీ స్లిప్పు, అంటే వీసా ఇంకా పరిశీలనలో ఉందని ఇచ్చే కాగితం, వస్తే నెలల తరబడి టెన్షన్, అది ఎందుకొచ్చిందో కూడా తెలియదు. నీకైతే కారణం నువ్వే చేతికిచ్చినట్టు అవుతుంది.

వీసా ఎలాగో వచ్చిందనే అనుకుందాం. ఎయిర్‌పోర్టులో వేలిముద్ర పెట్టినప్పుడు వారెంటు కంప్యూటర్‌లో ఉంటే పక్క గదిలోకి తీసుకెళ్తారు. చిన్న కేసుల్లో చాలా కౌంటీలు 'మా రాష్ట్రంలో దొరికితేనే తీసుకెళ్తాం' అని గుర్తు పెడతాయి, అప్పుడు టెక్సస్‌లో నిన్ను పట్టుకున్నా షార్లెట్ నుంచి ఎవరూ రాకపోవచ్చు. కానీ అప్పటికే నీ పేరు మీద అసలు లేని అరెస్ట్ రికార్డు పుట్టేసింది, దేశంలోకి రానిస్తారో వెనక్కి పంపిస్తారో ఆ ఆఫీసర్ చేతిలో పని. ఇండియా నుంచి నిన్ను పట్టుకెళ్తారేమో అన్న భయం మాత్రం నాకు లేదు. రెండు దేశాల మధ్య 1997లో చేసుకున్న నేరస్తుల అప్పగింత ఒప్పందం ఉంది, కానీ 1,800 డాలర్ల స్టోర్ కేసుకు ఎవరూ అంత దూరం రారు. నువ్వే అక్కడికి వెళ్తానంటున్నావు, చిక్కంతా అక్కడే.

కాబట్టి మొదటి పని మెక్లెన్‌బర్గ్ కౌంటీలోనే ప్రాక్టీసు చేసే క్రిమినల్ డిఫెన్స్ లాయర్‌ని పెట్టుకోవడం. డాలస్ లాయర్ వద్దు, న్యూజెర్సీలో మన తెలుగాయన వద్దు, ఆ కోర్టు మెట్లు రోజూ ఎక్కేవాళ్లు కావాలి. వాళ్లతో పాటు ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్, ఇద్దరూ ఒకే కాల్‌లో ఉండాలి. ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, క్రిమినల్ లాయర్ దృష్టిలో మంచి ఒప్పందం ఇమ్మిగ్రేషన్ దృష్టిలో ఉరితాడు కావచ్చు. 'నేరం ఒప్పుకో, ఏడాది బుద్ధిగా ఉండు, తర్వాత కొట్టేస్తాం' అనే పద్ధతి స్థానిక కోర్టులో క్లీన్‌గా కనపడుతుంది, ఇమ్మిగ్రేషన్ వాళ్లు దాన్ని శిక్ష పడినట్టే లెక్కేస్తారు. హోసే పడీయా అనే ఆయన నలభై ఏళ్లు అమెరికాలో ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో ఆ దేశం తరఫున పనిచేశాడు, ట్రక్ డ్రైవర్. ఇన్నేళ్లుగా ఉన్నావు, ఇమ్మిగ్రేషన్ గురించి బెంగ అక్కర్లేదు అని తన లాయర్ చెప్తే నమ్మి నేరం ఒప్పుకున్నాడు, దేశం నుంచి పంపేసే పరిస్థితి వచ్చింది. 2010లో సుప్రీంకోర్టు అతని కేసులోనే, ఈ సంగతి సరిగ్గా చెప్పడం లాయర్ బాధ్యత అని తేల్చింది. బాధ్యత వాళ్లదే, కానీ అడగాల్సింది నువ్వు. నీకు కావాల్సింది ఏ ఒప్పుకోలూ లేకుండా కేసు కొట్టేయడం, 'విత్ లీవ్' అన్న తోక లేకుండా.

ఓనర్‌కి నువ్వు ఫోన్ చేయకు, తెలిసినవాళ్లతో రాయబారం పంపకు. ఆ 1,800 డాలర్లు పంపించేస్తే గొడవ వదులుతుంది కదా అని నీకు అనిపిస్తుంది, అనిపించడం నీ మంచితనమే, కానీ లాయర్ లేకుండా పంపిన డబ్బు ఒప్పుకోలుగా కనపడుతుంది, ఫోన్ కాల్ సాక్షిని బెదిరించినట్టుగా కనపడుతుంది. ఇవ్వాల్సి వస్తే లాయర్ చేతుల మీదుగా, కాగితం రాసుకుని ఇద్దువు గాని.

కంపెనీకి ఇప్పుడు కారణం చెప్పక్కర్లేదు, ఇంటి పరిస్థితుల వల్ల కొన్ని నెలలు టైమ్ కావాలని చెప్పు, ఎల్-1 ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది. మీ ఆవిడకి మాత్రం చెప్పు. డిపెండెంట్ వీసా ఫారం తనూ నింపాలి, ఉద్యోగం మానేయాలా, పిల్లల్ని బడి మాన్పించాలా అని తనూ లెక్కలేసుకుంటూ ఉంటుంది. ఏదో ఒక రోజు ఎయిర్‌పోర్టులో పక్క గదిలో కూర్చుని తెలుసుకోవడం కంటే మీ ఇంట్లో నీ నోటి నుంచి వినడం తనకు నయం. 'షార్లెట్‌లో ఒక కేసు పడిందేమో అని అనుమానం, లాయర్‌తో కనుక్కుంటున్నా' అన్నంత చెప్తే చాలు, మిగతా వివరాలు లాయర్‌తో మాట్లాడాక.

లాయర్‌కి మొదటి ఈమెయిల్‌లో పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరు, పుట్టిన తేదీ, షార్లెట్‌లో ఉన్న పాత అడ్రసు, 2017 నవంబర్ అన్న నెల, 'మెక్లెన్‌బర్గ్ కౌంటీలో నా పేరు మీద కేసు గానీ వారెంటు గానీ ఉందేమో చూడాలి' అన్న ఒక్క వాక్యం రాయి. అంతకు మించి ఒక్క ముక్క రాయకు. మీ సాయంత్రం ఏడు అంటే వాళ్లకు పొద్దున్న ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో, ఆఫీసు తెరిచే వేళ. సోమవారం ఆ టైమ్‌కి ఫోన్ దగ్గర పెట్టుకుని ఉండు.